పొరుగాయన వాక్యాలు

ఎర్ర పెన్ను పోయిన రోజు పొద్దున అక్క రెండు వాక్యాలే దిద్దగలిగింది. మూడోది చదువుతూ పెన్ను కోసం చెయ్యి చాపితే పక్కన లేదు. తమ్ముడు మంచం కింద, దిండు వెనక, మందుల డబ్బాలో వెతికాడు.

“నీలంతో దిద్దెయ్యక్కా. డ్యూటీకి టైమైపోతోంది.”

“నీ తప్పూ నా దిద్దుబాటూ ఒకే రంగులో ఉంటే నీకేం తెలుస్తుందిరా? సాయంత్రం కొత్తది పట్రా.”

ఆ రెండు మాటలకే ఆమె మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. అతను ఆమె పాదాల వైపు చూశాడు. నిన్నటికంటే వాచినట్టున్నాయి. అడగాలంటే భయమేసింది.

అతను ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. ఇరవై ఆరేళ్లుగా ఇనుప తలుపు లాగీ లాగీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. ఎక్కిన ప్రతివాళ్లనీ “పైకా, కిందికా?” అని అడుగుతాడు కనక నర్సులు అతనికి ఆ పేరే పెట్టారు. వచ్చే నెల కొత్త లిఫ్టులొస్తాయి. వాటికి మనిషి అక్కర్లేదు. సోమవారం ఇంగ్లీషు పరీక్ష పాసైతే కౌంటర్లో కుర్చీ, లేకపోతే ఇల్లు. కౌంటర్లో పని, రోగుల పరిస్థితి రోజుకు రెండుసార్లు చీటీల మీద రాసి బంధువులకివ్వడం. అందుకని రెండు వందల పెద్ద మాటల జాబితా ఇచ్చారు. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన అక్క, రోజుకు ఐదు మాటలకు ఐదు సొంత వాక్యాలు రాయించి దిద్దుతోంది.

అతనికో ఇబ్బంది ఉంది. చెడ్డ మాట వస్తే ఇంట్లోవాళ్ల గురించి రాయలేడు. చెయ్యి ఆగిపోతుంది. అన్నీ పక్కింటి టైలరు మీదికి తోసేస్తాడు. ఆ నోటుబుక్కులో టైలరు మెట్ల మీంచి పడ్డాడు, చూపు పోగొట్టుకున్నాడు, పదకొండుసార్లు చనిపోయాడు. అక్క నవ్వాపుకోలేక ఆ సంగతి టైలరుకే చెప్పేసింది.

“ఈ వారం నాకేం మూడిందయ్యా?” అని టైలరు గోడ అవతల నుంచి కేకేసేవాడు. “ముందే చెబితే కుట్టినవాటికి గుండీలన్నా వేసి పోతాను.”

ఇవాళ మూడో వాక్యంలోనూ టైలరే. మాట ‘డిటీరియరేట్’. మా పొరుగాయన పరిస్థితి విషమించింది అని రాశాడు.

“మళ్లీ ఆయనేనా? మనింట్లోవాళ్లం అమృతం తాగామా?” అంది అక్క. “రేపు కౌంటర్లో కూర్చుంటే ఎవరో ఒకరి అక్క గురించి రాయాలి. అప్పుడేం చేస్తావ్? నా మీద రాయి. రాసినంత మాత్రాన ఏం కాదులే.”

“రాస్తాలే.”

“ఎప్పుడు?”

అతను చెప్పులేసుకుంటున్నాడు. తలుపు చేరవేసి వెళ్లిపోయాడు. నోటుబుక్కు ఆమె ఒళ్లోనే ఉండిపోయింది.

పదకొండింటికి ఒకామె చీటీ పట్టుకుని లిఫ్టెక్కింది. నాలుగో అంతస్తు. “మా తమ్ముడి చీటీ అన్నా. ఏం రాశారో కాస్త చదివి పెట్టు.”

చూశాడు. పొద్దుటి మాటే. అక్షరం అక్షరం గుర్తుపట్టాడు.

“నాకంత చదువు రాదమ్మా. నర్సునడుగు.”

ఆమె దిగిపోయింది. తలుపు లాగుతుంటే చెయ్యి జారి వేలు నలిగింది. భోజనాల వేళ స్టూలు మీద కూర్చుని, కాగితం తొడ మీద పెట్టుకుని ఇంగ్లీషులో ‘మా’ అని రాశాడు. పెన్సిలు కదలలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాడు. పరీక్షకు రెండు రోజులే ఉంది. ఈ ఒక్క మాట రాయలేకపోతే కౌంటర్లో ఏ మాటా రాయలేనని తెలుసు. రాస్తే ఏమవుతుందో ఆలోచించడానికి ధైర్యం చాల్లేదు.

మధ్యాహ్నం ఎదురుగా ఉన్న కొట్టుకెళ్లి ఎర్ర పెన్ను కొన్నాడు. అరచేతి మీద గీసి చూసుకున్నాడు.

మూడు దాటాక కింద అంతస్తులో తలుపు తీస్తే ఎదురుగా టైలరు. మెడలో టేపు, చొక్కాకు దారప్పోగులు. ఇన్నేళ్లలో ఆసుపత్రి గడప తొక్కని మనిషి. నిక్షేపంగా ఉన్నాడు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

మీట మీదికి చెయ్యి దానంతటదే పోయింది.

“పైకా, కిందికా?” అన్నాడు.

“ఇంటికి,” అన్నాడు టైలరు. “పద, నాయనా.”

అక్కను మంచం మీద పడుకోబెట్టారు. పాదాల మీద దుప్పటి కప్పారు. టైలరు భార్య తల దగ్గర కూర్చుని ఉంది.

“నువ్వెళ్లాక తల దువ్వబోతే ఆ పెన్ను కొప్పులోనే దొరికింది,” అంది. “బళ్లో అలవాటట, అక్కడే గుచ్చుకుందట. ఎంత నవ్వుకుందో. దిద్దేది ఉందని కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే పలకలేదు.”

కర్మకొచ్చిన వాళ్లంతా వెళ్లిన నాలుగో రోజున, పరీక్ష రోజు కూడా దాటిపోయాక, అతను నోటుబుక్కు తెరిచాడు. మధ్యలో పాత ఎర్ర పెన్ను, మూత పెట్టి ఉంది. ఐదు వాక్యాలూ దిద్దేసింది. మూడోదాంట్లో ‘మా పొరుగాయన’ అన్నచోట ఎర్రగీత కొట్టి, పైన ఇంగ్లీషులో ‘మా అక్క’ అని రాసింది. మిగతాదంతా సరిగ్గా ఉందని టిక్కు పెట్టింది. పక్కన తెలుగులో, “ఇలా మార్చి మళ్లీ రాయి.”

దాని కింద రెండు గీతలు ఖాళీగా వదిలిపెట్టింది. అతను ఇంకా రాయలేదు.