ఇది యాడ పండింది?

గాలిని శుభ్రం చేసే యంత్రం ఇంటికి వచ్చిన రోజు నుంచీ రాహేలమ్మకు ఊపిరాడడం లేదు.

ఆమె కొడుకు జోయెల్ మదనపల్లెలో ఊపిరితిత్తుల డాక్టరు. ఏదో ఫౌండేషన్ వాళ్లు అతనికి దాన్ని కానుకగా పంపారు. బీరువాకు సగం ఎత్తుండి, మూలన నిలబడి, పగలంతా గుర్రుమంటూ ఉంటుంది. మనుషుల ఊపిరిని కూడా లాగేస్తుందేమోనని ఆమె అనుమానం.

అసలు దిగులు యంత్రం గురించి కాదు. ఆదివారం సాయంత్రం అదే ఫౌండేషన్ కుప్పంలో పెట్టే డాక్టర్ల సభలో జోయెల్ మాట్లాడాలి. రోజూ అద్దం ముందు నిలబడి ఒకే మాట వల్లిస్తున్నాడు: “మానలేనివాళ్లకు ఈ తక్కువ పొగ సిగరెట్టు మేలు.” అది చెవిన పడ్డప్పుడల్లా ఆమె చేతిలో గరిటె ఆగిపోయేది. ఒకప్పుడు ఆమె భర్త జయరత్నానికి కూడా ఒక డాక్టరు ఇట్లాగే చెప్పాడు, “ఫిల్టరుది తాగు జయరత్నం, ఏం కాదు” అని. జయరత్నం సంబరంగా బీడీ మాని ఫిల్టరు పట్టాడు. సంబరంగానే తాగాడు, దగ్గాడు, వెళ్లిపోయాడు. ఆఖరి రోజుల్లో కూడా “ఫిల్టరుదే కదా రాహేలూ” అని ఆశ్చర్యపోయేవాడు.

“ఆ మాట చెప్పొద్దు నాయనా,” అంది ఒకరోజు ఉండబట్టలేక.

“నేను తాగమంటాండానా అమ్మా? మానలేనోళ్లకు చెప్తాండాను. అది సైన్సు.”

సైన్సు అన్నాక ఆమె ఏమంటుంది? బైబిలూ, పొట్లాం కాగితాలూ కూడబలుక్కుని చదువు నేర్చిన మనిషి.

ఆ ఆదివారం ఉదయమే పుంగనూరులో, ఆమె పుట్టింటి చర్చిలో, కోత పండుగ. యంత్రాన్ని వదిలించుకోవడానికి దారి దొరికింది. “దేవునికి కానుక ఇచ్చేద్దాం రా!” జోయెల్ నవ్వి సరేనన్నాడు. వాళ్లను కుప్పం తీసుకెళ్లడానికి కారుతో వచ్చిన ఫౌండేషన్ కుర్రవాడు ప్రదీప్ ఇంకా మురిసిపోయాడు. “భలే ఆలోచనమ్మా! మా ఫౌండేషన్ పేరు మైకులో చెప్పించండి,” అంటూ తానే డిక్కీలోకి ఎక్కించాడు.

కోత పండుగకు ఎవరికి పండింది వాళ్లు తెచ్చి చర్చిలో పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. వేలం నడిపేది మారప్ప, రిటైరైన బస్సు కండక్టరు. ఏ వస్తువునైనా సరే, “ఇది యాడ పండింది?” అని అడగందే పాట మొదలుపెట్టడు. ఎప్పుడో ఒక మహానుభావుడు పక్కింటి పాదులో గుమ్మడికాయ కోసుకొచ్చి దేవుడికి అర్పించాడట. అప్పటి నుంచీ వచ్చిన ఆచారం.

“ఈ సొరకాయ యాడ పండింది?”

“మా బాయికాడ మామా!”

“ఈ గుమ్మడికాయ?”

“మా పెరట్లోనే అన్నా, పక్కింట్లో కాదు!” అంది సుమలత. అందరూ నవ్వారు. ఆ కాయను రాహేలమ్మే పాడుకుంది.

తర్వాత యంత్రం వంతు. మారప్ప దాని నెత్తిన ఒక చరుపు చరిచాడు. “దీన్ని ఎత్తితే నా నడుం పోతాది. ఇది యాడ పండిందప్పా?”

ప్రదీప్ చొక్కా సర్దుకుని లేచాడు. “శ్వాసబంధు ఫౌండేషన్, సార్.”

“అది యాడుండాది?”

“బెంగళూరు సార్.”

“బెంగళూర్లో ఏం పండిస్తారప్పా, బాడుగలా?”

చర్చి గొల్లుమంది.

“దాతలిస్తారు సార్.”

“ఆ దాతలు ఏం పండిస్తారు?”

ప్రదీప్ నవ్వు సగంలో ఆగింది. జోయెల్ వైపు చూశాడు. చర్చంతా అటే చూసింది. చిన్నప్పుడు ఇక్కడే కోడిగుడ్డు పట్టుకుని, “మా నల్లపెట్ట పెట్టింది మామా!” అని అరిచిన పిల్లాడు జోయెల్. మెల్లగా లేచాడు.

“సిగరెట్ కంపెనీ మామా. పొగాకు చేన్లో పండింది.”

రాహేలమ్మ చటుక్కున తలెత్తి జోయెల్‌ను చూసింది. ఈ సంగతి కొడుకు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

మారప్ప తల గోక్కున్నాడు. “పొగ అమ్మేదీ వాళ్లే, పొగ పీల్చే మిషను ఇచ్చేదీ వాళ్లేనా! ఒకే సీటుకు రెండు టికెట్లు కొడితే మమ్మల్ని సస్పెండ్ చేస్తాండిరి గదప్పా! సరే, దేవుని ముందర నిజం చెప్పినావు. పాడండి!”

ఎవరూ పాడలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పాట రాని వస్తువు తెచ్చినవాళ్ల వెంటే పోవాలి. అది మళ్లీ డిక్కీ ఎక్కింది.

కారు పలమనేరు దాటింది.

“మీ నాయనకు ఫిల్టరుది తాగమన్న డాక్టరు చెడ్డోడు గాదురా,” అంది రాహేలమ్మ, ఒళ్లో గుమ్మడికాయను నిమురుతూ. “శానా మంచోడు. ఆ మాట యాడ పండిందని ఆయన్ని ఎవురూ అడగలేదు. అంతే.”



కుప్పం హాల్లో బిర్యానీ వాసన, వేదిక మీద జోయెల్ బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ. రాహేలమ్మ వెనక వరసలో కూర్చుని కొంగు మెలిపెడుతోంది. జోయెల్ మైకు ముందుకు వచ్చాడు.

“మానలేనివాళ్లకు...” అని ఆగాడు. “దానికి ముందు, ఈ మాట యాడ పండిందో చెప్పాల.”

చెప్పాడు. కంపెనీ సంగతి, యంత్రం సంగతి, తనను తెచ్చిన కారు సంగతి. చివర తన తండ్రి సంగతి. “నేనైతే ఈ మాట పాడుకోను. మీలో పాడేవాళ్లుంటే పాడండి,” అని దిగిపోయాడు.

ముందు వరసలో ఒక పెద్ద డాక్టరు, ఫౌండేషన్ ఇచ్చిన సంచిని కాలితో మెల్లగా కుర్చీ కిందికి తోశాడు.

బయటికొచ్చేసరికి కారు లేదు. ప్రదీప్, యంత్రం, ఇద్దరూ వెళ్లిపోయారు.

“అయ్యో, ఇంటికెట్ల పోతాంరా?” అంది రాహేలమ్మ.

“బస్సుండాది గదమ్మా.”

బస్సులో కండక్టరు ఆమె ఒడిలోకి తొంగి చూశాడు. “ఏమవ్వా, ఇంత కాయకు లగేజీ కొట్టాలే! యాడిదిది?”

“పుంగనూర్లో సుమలత పెరట్లో పండింది నాయనా,” అంది రాహేలమ్మ. “కావాలంటే అడుక్కో పో!”