చెవిలో రాళ్లు, చేతిలో కత్తి

మా ఆయన సెలూన్ నడుపుతాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ల తలలు పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పే మనిషి, తన తల మీద మాత్రం ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వడు. ముందొక అద్దం, వెనకొక అద్దం పెట్టుకుని తన జుట్టు తనే కత్తిరించుకుంటాడు. ఒకసారి ఆయన తలలో దూది ఉందని తీయబోతే, కట్టుకున్నదాన్నని కూడా చూడకుండా నా చెయ్యి విదిలించేశాడు. పెద్ద కిరీటం ఉంది మరి అక్కడ!

అలాంటి తల ఒక పొద్దున మంచం మీద కుడివైపు ఒత్తిగిలేసరికి గిర్రున తిరిగింది.

"ఏమే, మంచం తిరగబడుతోంది, పట్టుకో!" అని కేక పెట్టాడు. నిద్రమత్తులో నేనూ నిజమే అనుకుని లేచి మంచం కోడు పట్టుకున్నాను. కాసేపటికి తగ్గింది. తగ్గగానే ఏమన్నాడో తెలుసా? రాత్రంతా నేను ఎడాపెడా దొర్లడం వల్లే ఇలా అయిందట. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతటితో ఆగితే ఇంట్లో గొడవ ఇంట్లోనే ఉండేది. ఆ పూటే షాపులో టైలరుగారికి గడ్డం గీస్తూ, దవడ కిందికి చూడటానికి తల వంచాడట. గోడలు తిరిగాయి. పడిపోకుండా చేతికి దొరికినదాన్ని పట్టుకున్నాడు. దొరికింది టైలరుగారి మెడ. ఇంకో చేతిలో కత్తి! టైలరుగారు సబ్బునురగతో, మెడకు కట్టిన గుడ్డతో అలాగే వీధిలో పడి పరుగు తీశారు. ఆయనకు గీత కూడా పడలేదు కానీ, మా ఆయన పైప్రాణాలు పైనే పోయాయి.

ఇంటికొచ్చి కొయ్యబొమ్మలా బిగుసుకుని కూర్చున్నాడు. పడుకోమంటే పడుకోడు. కూర్చునే నిద్ర. మెదడులో ఏదో పుట్టిందని తనంతట తనే తేల్చేసుకున్నాడు.

"ఇక కత్తి పట్టనే. ఏదో ఒకరోజు ఎవరి పీకో కోసేస్తాను. షాపులో నా గడ్డం కుర్చీ ఎదురుషాపువాడికి ఇచ్చేస్తాను, వచ్చి పట్టుకుపొమ్మని కబురు కూడా చేశాను" అన్నాడు.

ఎదురుషాపువాడంటే, మా ఆయన దగ్గరే కత్తెర పట్టడం నేర్చుకుని, సరిగ్గా మా ఎదురుగానే సెలూన్ పెట్టుకున్నవాడు. నన్ను వదినా అంటాడు. మా ఆయన అతనితో మాటలు మానేసి చాలాకాలమైంది. అలాంటివాడికి కుర్చీ ఇస్తాడట! ఆ కుర్చీ పోతే ఈయన మనిషిగా మిగలడు. పైగా రోజంతా ఇంట్లో కూర్చుని నా వంటకు వంకలు పెడతాడు! ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మా వీధి డాక్టరు చెవి డాక్టరమ్మకు చూపించమంటే, రెక్క పట్టుకుని లాక్కెళ్లాను.

మా ఆయన వద్దనేలోపే డాక్టరమ్మ ఆయన తల పట్టుకుని, కుడికి తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టింది. ఆయన ఓ అని అరిచాడు. కళ్లు గిరగిరా తిరుగుతూ గంతులేశాయి. డాక్టరమ్మ మాత్రం సంతోషంగా నవ్వింది.

"మెదడుకేం కాలేదండీ. చెవి లోపల మూడు సన్నటి వంపు గొట్టాలుంటాయి. తల ఎటు తిరిగిందో చెప్పేవి అవే. పక్కన అంటుకుని ఉండాల్సిన సున్నపు రేణువులు కొన్ని ఊడి, మీ కుడిచెవి గొట్టంలోకి జారాయి. తల వంచినప్పుడల్లా అవి దొర్లి, లేని తిరుగుడు ఉన్నట్టు చెబుతున్నాయి. తలను ఒక వరసలో తిప్పితే బయటికి వచ్చేస్తాయి."

"బయటికంటే, దిండు మీద పడతాయా?" అని అడిగాను.

"లేదమ్మా, లోపలే. వాటి చోటికి పోతాయి."

ఆమె మళ్లీ చెయ్యి చాపేసరికి మా ఆయన బల్ల దిగేశాడు. "తల తిప్పడం నాకు నేర్పుతావా తల్లీ? అసలు తల పట్టుకునే పద్ధతే అది కాదు. బొటనవేలు చెవి వెనక ఉండాలి. ఎలాగో చెప్పు, నేనే తిప్పుకుంటాను" అని మొండికేశాడు. ఆవిడ చెప్పీ చెప్పీ విసిగిపోయి, పక్కన మనిషి లేకుండా చెయ్యొద్దని హెచ్చరించి, ఏ రోగమూ లేని నన్ను పడుకోబెట్టి వరసంతా చూపించింది.

ఈయన తిన్నగా షాపుకే నడిచాడు. అద్దాలు అక్కడే ఉన్నాయట! గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చుని, ఎదుటి అద్దంలో చూసుకుంటూ మొదలుపెట్టాడు. అద్దంలో చూసి జుట్టు కత్తిరించుకునే మనిషికి ప్రతిదీ తిరగేసి చేయడం అలవాటు. కుడికి తిప్పాల్సిన తల ఎడమకు తిప్పాడు.

"ఏవండీ, అటు కాదు!"

"నోర్మూసుకో, ఇది నా వృత్తి!" అంటూనే వెనక్కి వాలాడు, గబుక్కున కుడికి తిప్పాడు. రాళ్లు దొర్లినట్టున్నాయి. బెంచీ మీంచి దబ్బున కిందపడి, గడ్డం కుర్చీ కాలు కౌగిలించుకున్నాడు. సరిగ్గా అప్పుడే తోపుడుబండి బయట ఆపి ఎదురుషాపువాడు లోపలికొచ్చాడు.

"అయ్యో వదినా, అన్నని ఎందుకు కొట్టావు?"

"నేను కొట్టలేదయ్యా! చెవిలో రాళ్లు జారాయి" అని జరిగిందంతా చెప్పాను.

మా ఆయన కళ్లు తెరవలేదు. "కుర్చీ పట్టుకుపో" అన్నాడు, దాని కాలు వదలకుండానే.

అతను కుర్చీ ముట్టుకోలేదు. పక్కన గొంతుక్కూర్చుని, "అన్నా, తల ఇటివ్వు. వదిన చెబుతుంది, నేను తిప్పుతాను" అన్నాడు.

"చేతులు ఎలాగూ పనికిరాకుండా పోయాయి. తల కూడా ఇంకొకడి చేతిలో పెట్టేస్తే నాకేం మిగులుతుందే?" అన్నాడు మా ఆయన, నాతో. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నేను మిగులుతాను. చాలదా?" అని అరిచాను.

"చాలు" అన్నాడు. అనే ముందు కాస్త ఆలోచించాడు, అదీ గమనించాను.

ఇద్దరం కలిసి బెంచీ మీదికి చేర్చాం. నేను చెప్పాను, అతను తిప్పాడు. తల కుడికి తిప్పి, వెనక్కి పడుకోబెట్టి, బెంచీ చివర కాస్త కిందికి వాల్చాడు. తిరుగుడు ఆగేదాకా ఆగాం. మెల్లగా ఎడమకు. మళ్లీ ఆగాం. ఒళ్లంతా ఎడమకు ఒత్తిగించి, ముఖం నేలవైపు. మా ఆయన ఆ చేతుల్లో పసివాడిలా ఉండిపోయాడు, "చెయ్యి ఇంకా బరువే నీకు" అని గొణగడం తప్ప. చివరికి లేపి కూర్చోబెట్టాం.

కాసేపటికి ఆయన మెల్లగా తల వంచాడు. ఎత్తాడు. కుడికి వాల్చాడు. గోడలు గోడల్లానే ఉన్నాయి. అప్పటికీ నమ్మకం కుదరక, బెంచీ కిందికి కూడా తొంగి చూశాడు.

"అయితే కుర్చీ?" అన్నాడు ఎదురుషాపువాడు.

"కూర్చో."

"ఎందుకన్నా?"

"గడ్డం మాసింది నీకు. కూర్చో."

అతను నావైపు చూశాడు. నేను పైన ఫ్యాను వైపు చూశాను. "అన్నా, పిల్లలున్నవాణ్ణి" అంటూనే కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని మెడ చాపాడు. మా ఆయన నురగ రాశాడు, కత్తి తీశాడు, దవడ కిందికి తల వంచాడు. కత్తి కింది నుంచి పైకి నున్నగా పోయింది. చెయ్యి అణువంత కూడా చలించలేదు. గుడ్డ కింద కూర్చున్నవాడి మోకాళ్లే టకటకా కొట్టుకుంటున్నాయి.

"కదలకురా దద్దమ్మా! ఇన్నేళ్లొచ్చినా కుర్చీలో కూర్చోవడం రాదా నీకు?" అని కసిరాడు మా ఆయన.

ఆ తిట్టు వినగానే నాకు ఏడుపు ఆగలేదు.