చిన్నకోడలి సెలవు

ఆ వీధిలో ఆడవాళ్లంతా పెద్దకోడల్ని ఆపా అని పిలిచేవారు. ఆపా అంటే అక్క. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు, ఎందుకంటే ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ముందుగదిలో చాపలు పరిచి వాళ్లకి దీన్ పాఠం, అంటే మతం పాఠం, చెప్పేది ఆమే. నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసేటప్పుడు మోచేయి తడవకపోతే ఏమవుతుంది, ప్రయాణంలో నమాజు ఎంత తగ్గుతుంది, మొగుడి కోపాన్ని ఓర్చుకుంటే పుణ్యమెంత, ఏది అడిగినా పుస్తకం తెరవకుండా చెప్పేది. తెలియకపోతే, "తెలీదమ్మా, కనుక్కుని చెబుతా" అనేది. అంత నిజాయితీ గల మనిషి. ఒకటే ఇబ్బంది, ఆమెకి లెక్కలు మరీ బాగా వచ్చు.

చిన్నకోడలు మేడమీద వాటాలో ఉండేది. ఆమె కళ్లద్దాల షాపులో పనిచేసేది. అద్దం అంచు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం, ఆవగింజంత మరలు బిగించడం, వచ్చినవాళ్ల ముక్కుమీద కళ్లజోడు వంకర లేకుండా నిలబెట్టడం ఆమె పని. బయటికి వెళ్తే ఆపా నల్ల బురఖాలో కళ్లు తప్ప కనబడదు. చిన్నది తలమీద పల్చటి ఓణీ ఒకటి వేసుకుంటుంది, అది సందు మలుపు తిరిగేలోపే మెడలోకి జారుతుంది. దీనిమీద ఇద్దరికీ ఆరేళ్లుగా వాదన. కాకపోతే ఆ వాదన వినడానికి ముచ్చటగా ఉండేది.

"జుట్టు కప్పుకోవే నా తల్లీ."

"కప్పుకుంటానక్కా. మనసు చెప్పిన రోజు కప్పుకుంటా. ఇప్పుడు కప్పుకుంటే అది మీకోసం అవుతుంది, అల్లా కోసం అవదు."

"కప్పుకుంటే మనసూ దారికొస్తుందని నేనంటా."

"మీరలా అంటారు, నేనిలా అంటా."

"నీకేం, మాటలు కోటలు దాటుతాయి."

"కాలు మాత్రం మీ గడప దాటదు కదా. టీ ఇవ్వండి."

టీ తాగుతూ ఇద్దరూ నవ్వుకునేవారు. ఉప్పూ నిప్పూలా ఉండాల్సిన తోడికోడళ్లు ఇలా కలిసిమెలిసి ఉండటం చూసి వీధిలో కొందరికి కళ్లు కుట్టేవి. "నమాజు మానవు కదా, నాకదే చాలు" అని ఆపా ఆఖరికి రాజీపడేది. ఆ మాట నిజమే. సాయంత్రం మగ్రిబ్ నమాజు అత్తగారి గదిలో ముగ్గురూ కలిసి చదివేవారు. మోకాళ్ల నొప్పులతో అత్తగారు కుర్చీలో, కోడళ్లు పక్కపక్కన రెండు జానమాజులు పరుచుకుని. చిన్నది షాపు నుంచి పరుగున వచ్చి, మొహం మీద వజూ నీళ్లు ఆరకుండానే నిలబడేది.

ఆడవాళ్లకి నెలలో నమాజు లేని రోజులు కొన్ని ఉంటాయి. ఆ ఇంట్లో వాటిని సెలవు అనేవారు. ఇవాళ్టి నుంచి సెలవు అంటే చాలు, ఇంకెవరూ ఏమీ అడగరు. ఆ సెలవుకి ఓ హద్దుంది. ఎక్కువలో ఎక్కువ పది రోజులు. ఆ తర్వాత స్నానం చేసి జానమాజు పరవాల్సిందే.

ఆ నెల చిన్నది ఒక సోమవారం పుట్టింటికని వెళ్లి మర్నాడు తిరిగొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. "ప్రయాణం పడలేదు" అంది. సాయంత్రం అత్తగారి గది గుమ్మం దగ్గరే నిలబడి, "సెలవక్కా" అంది. వారం రోజులు షాపుకి కూడా వెళ్లలేదు. జ్వరమంది. ఆపా మిరియాలు దంచి కషాయం కాచి పంపింది.

పది రోజులు గడిచాయి. పదకొండో రోజు సాయంత్రం ఆపా రెండు జానమాజులు పరిచి ఎదురుచూసింది. చిన్నది మేడ దిగలేదు. పన్నెండో రోజూ అంతే, పదమూడో రోజూ అంతే. గిన్నె ఇవ్వడానికి వచ్చేది, అత్తగారికి కళ్లలో చుక్కల మందు వేయడానికి వచ్చేది. అజాన్ వినబడే వేళకి మాత్రం చల్లగా మెట్లెక్కిపోయేది.

ముందు ఓణీ జారింది, ఇప్పుడు నమాజు జారిందనుకుంది ఆపా. ఆమెకి కోపం కంటే భయమే ఎక్కువ. చిన్నదంటే ఆమెకి ప్రాణం. ఆ పిల్ల కళ్లముందే దారి తప్పుతోందని ఆమె లోలోపల కుమిలిపోయింది. ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. అన్నీ తెలిసినవాళ్లకి అడగడం అంత తేలిక కాదు మరి.

పద్దెనిమిదో రోజు శుక్రవారం వచ్చింది. కళ్లద్దాల షాపు ఆ రోజు మూస్తారు కాబట్టి చిన్నది ఎప్పట్లాగే పాఠానికి వచ్చి, వెనక గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ రోజు పాఠం, ఇచ్చిన మాట తప్పకపోవడం గురించి. ఆపా దాన్ని మెల్లగా మలుపు తిప్పింది.

"కొందరుంటారమ్మా. పది రోజుల సెలవుని ఇరవై రోజులు చేసుకుంటారు. ఇంట్లోవాళ్ల కళ్లు కప్పొచ్చు. పైవాడు లెక్క తప్పుతాడా?"

పేరు చెప్పలేదు. ఆ అవసరమూ రాలేదు. చాపల మీదున్న పదిహేను తలలూ ఒక్కసారి గోడవైపు తిరిగాయి. ఎవరో కిసుక్కుమన్నారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానందిట వెనకటికి ఒక కోడలు. ఇక్కడ కొట్టిందే తోడికోడలు. నవ్వడానికి వీధి ఉండనే ఉంది.

చిన్నది లేచి వెళ్లిపోలేదు. పాఠం అయ్యేదాకా కూర్చుని, తర్వాత చాపలు చుట్టి మూలన నిలబెట్టింది. మెట్లు మాత్రం గోడ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కింది.

ఆ సాయంత్రం నమాజు అయ్యాక అత్తగారు కుర్చీలోంచే అంది. "నువ్వు చెప్పింది తప్పో ఒప్పో నాకు తెలీదే పెద్దమ్మాయ్. నువ్వు చదువుకున్నదానివి. నేనైతే పదకొండో రోజున, ఒంట్లో ఎలా ఉందే అని అడిగేదాన్ని."

"మీ మాట కాదంటున్నానని అనుకోకండి అత్తయ్యా. మంచి చెప్పడం నా బాధ్యత."

"చెప్పు. ఎవరు కాదన్నారు? మెట్లెక్కి చెప్పు."

ఆ మాట ఆపాకి ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే, షాపు వేళ కాకముందే, పైకి వెళ్లింది.

చిన్నది మంచం అంచున కూర్చుని అత్తగారి కళ్లజోడుకి ముక్కుమీద ఆనే మెత్తలు మారుస్తోంది. లేవబోతే ఆపా వద్దంది. నిలబడే, కుండ బద్దలు కొట్టినట్టు మొదలుపెట్టింది.

"నిన్న నేనన్నది నిన్నే."

"తెలుసక్కా."

"వెనకాల అనుకోవడం నాకు నచ్చదు. మొహం మీదే అడుగుతున్నా. నమాజంటే నీకు మనసు విరిగిపోయిందా?"

చిన్నది కళ్లజోడు ఒళ్లో పెట్టుకుంది. "మీ లెక్కలో ఇవాళ ఎన్నో రోజక్కా?"

"పందొమ్మిది."

"ఇరవై. ఒకరోజు మీకు తెలీదు. ఆ సోమవారం నేను పుట్టింటికి వెళ్లలేదు. ఆసుపత్రిలో ఉన్నా. నాలుగో నెల నిండింది, నిలవలేదు."

ఇంత విన్నాక కూడా ఆపా పాడు బుర్ర లెక్కే వేసింది. "నాలుగు నెలలా? నెలనెలా సెలవన్నావుగా?"

"ఉత్తదే అన్నా. పోయినసారి రెండో నెలకే అందరికీ చెప్పుకున్నా కదా. పోయాక నెల్లాళ్లు వీధంతా వచ్చి ఓదార్చింది. ఆ ఓదార్పు మళ్లీ నా వల్ల కాదనిపించింది. అందుకే నెలకో నాలుగు రోజులు మీకు సెలవని చెప్పి, ఇక్కడ తలుపేసుకుని నమాజు చదువుకున్నా. ఐదో నెల రాగానే ముందు మీకే చెప్పాలనుకున్నా. మీ మరిది చేత కూడా ఒట్టేయించుకున్నా."

"ఎండాకాలంలో ఒక శుక్రవారం మీరే చెప్పారక్కా. కాన్పయ్యాక, రక్తం ఆగేదాకా, నలభై రోజుల వరకు నమాజు లేదని. కడుపు పోయినా సరే, బిడ్డకి ఒక వేలో గోరో ఏర్పడి ఉంటే అదీ కాన్పు కిందే లెక్కని, లేకపోతే కాదని. నాకేది వర్తిస్తుందో తెలియాలి కదా. నర్సుని అడిగి చూశా." ఆమె ఒళ్లోని కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "వేళ్లున్నాయక్కా. ఐదూ ఉన్నాయి. ఇంకా రక్తం ఆగలేదు. మీరు చెప్పినట్టే చేస్తున్నా."

ఆ శుక్రవారం ఆపాకి బాగా గుర్తుంది. ఎవరో అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, గ్లాసెడు నీళ్లు తాగి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. ఆ ఒక్క వాక్యం కోసం ఒక తల్లి ఆసుపత్రి మంచం మీద వేళ్లు చూసుకోవాల్సి వస్తుందని ఆమెకి తట్టనే లేదు. ఇంత చదువూ చదివి ఆ పిల్లని పదిహేనుమంది ముందు నిలబెట్టింది.

మంచం మీద పక్కన కూలబడి చిన్నదాని తల గుండెకి హత్తుకుంది. ముందు ఏడ్చింది ఆపాయే. ఓదార్చడానికి ఒక్క మాట దొరకలేదు. అదే మంచిదైంది. ఇరవై రోజులుగా బిగబట్టుకున్న చిన్నది అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.

కాసేపటికి ఆపా కళ్లు తుడుచుకుంది. "నన్ను మాఫ్ చెయ్యవే. నువ్వే తప్పూ చేయలేదు. తెలియక అనేశా."

చిన్నది కొంగుతో మొహం తుడుచుకుని తలెత్తింది. "మాఫ్ చేశా. కానీ ఒక్కదానికి మాత్రం నేనొప్పుకోనక్కా. కోప్పడకండి."

"చెప్పు."

"నేను తప్పు చేయలేదు కాబట్టి మీరన్నది తప్పంటున్నారు. నేను నిజంగానే బద్ధకించి నమాజు మానేశాననుకోండి. అప్పుడైనా ఆ మాట అందరి ముందూ అనొచ్చా?"

జుట్టు గురించైతే ఆపా దగ్గర ఆరేళ్ల జవాబులున్నాయి. దీనికి ఒక్కటీ లేదు. "అనకూడదు" అంది చివరికి. "ఇది నువ్వు నాకు చెప్పిన పాఠం."

చిన్నది అడిగింది ఒక్కటే, వీధికి తెలియకూడదని. అత్తగారికి మాత్రం ఆ ఆదివారం తనే ఒళ్లో తలపెట్టుకుని చెప్పుకుంది.

ఇక్కడొచ్చింది ఆపాకి చిక్కు. అన్న మాట వెనక్కి తీసుకోవాలి, కారణం పెదవి దాటకూడదు. వారమంతా ఆలోచించింది. శుక్రవారం అందరూ కూర్చున్నాక, గోడవైపు చూడకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది.

"పోయిన వారం నేను ఇంకో మనిషి రోజులు లెక్కపెట్టాను. ఆ లెక్కా తప్పే, మీ ముందు చెప్పడమూ తప్పే. అల్లాని మన్నించమని అడిగాను. ఆ మనిషినీ అడిగాను. మిమ్మల్ని అడిగేది ఒకటే, నేనన్నది మర్చిపోండి."

ముందు వరసలో ఒకావిడ ఉండబట్టలేక, "అంటే ఆవిడ నమాజు చదువుతోందా ఆపా?" అంది.

"చూశావా, ఇప్పుడు నువ్వు మొదలుపెట్టావు. వద్దమ్మా. చివరికి నాలాగా తయారవుతావు."

కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. పాఠం చెప్పేవాళ్లే ఇలాగైతే ఇంక మాకేం చెబుతారని ఇద్దరు ఆ తర్వాత రావడం మానేశారు. ఆపాకి బాధేసింది. అయినా వాళ్లు ఎవరెవరన్నది మనసులో రాసి పెట్టుకోలేదు, ఆమెకి అదీ గొప్పే.

ఆ సాయంత్రం అజాన్ వేళకి ఆపా మెట్ల కింద నిలబడి కేకేసింది. "చిన్నా, కిందికి రా."

"నాకింకా నమాజు లేదక్కా."

"తెలుసే. ఊరికే వచ్చి కూర్చో. నమాజు లేకపోయినా అల్లాని తలుచుకోవడానికి సెలవు లేదుగా."

చిన్నది వచ్చింది. ఆపా తన జానమాజు పక్కనే రెండోది పరిచి ఉంచింది. అత్తగారు కుర్చీలో, ఆపా నిలబడి నమాజు చదివారు. చిన్నది పక్కన కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంది. నమాజు అయ్యాక, దువా కోసం చేతులు ఎత్తబోతూ ఆపా ఆగింది. పక్కకి వంగి మెల్లగా అడిగింది.

"బిడ్డకి పేరు పెట్టావా?"

చిన్నది చేతిలో పూసలు ఆగిపోయాయి. "పెట్టుకున్నా. ఎవరికీ తెలీదు."

"మా మరిదికి కూడానా?"

"ఎవరూ అడగలేదక్కా."

"నేనడుగుతున్నా."

చిన్నది ఆమె చెవి దగ్గరికి జరిగి చెప్పింది. ఆపా చేతులెత్తింది. పోయినవాళ్ల కోసం రోజూ చేసే దువాలో తన తల్లినీ తండ్రినీ తలుచుకుంది, మామగారిని తలుచుకుంది. ఆ తర్వాత, అత్తగారికి కూడా వినబడేంత గట్టిగా, ఆ పేరు పలికింది. ఇన్నాళ్లూ తన మనసులోనే తిరుగుతున్న ఆ పేరుని చిన్నది ఇంకో మనిషి గొంతులో వినడం అదే మొదటిసారి.

"ఆమీన్" అంది అత్తగారు కుర్చీలోంచి.

ఆపా చేతులు దించకుండా, చిన్నది ఆమీన్ అనేదాకా ఆగింది.