ముందుగది గడియ

“ఆదివారమేగా, ఖాళీగానే ఉన్నావుగా” అన్న మాట వింటే సీతారామలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఖాళీట! సామర్లకోట మొత్తం మీద ఆదివారం పొద్దున్న ఖాళీగా ఉన్న ఆడదాన్ని ఎవరైనా చూపిస్తే వాళ్లకో దండం పెడుతుంది.

రేపు చక్కెర మిల్లులో పరీక్ష. చెరకు బళ్లు తూచే రెండు కాటాలనీ కొత్తగా కంప్యూటరుకి కలిపారు. ప్రోగ్రాం ఆమే రాసింది. అయితే రెండు కాటాలూ ఒకేసారి అంకెలు పంపితే ఒక బండి బరువులో ఇంకో బండి బరువు కలిసిపోతోంది. రేపటికి సరిచేయకపోతే మద్రాసు నుంచి మనిషిని రప్పిస్తామనీ, ఆమె మళ్లీ టైపు మిషను ముందు కూర్చోవాల్సిందేననీ మేనేజరు మొహం మీదే చెప్పేశాడు. ఆ మిషను టకటక తలుచుకుంటేనే ఆమెకి ఊపిరాడదు.

అందుకే లేస్తూనే అడిగింది. “అత్తయ్యగారూ, ముందుగదిలో కాసేపు కూర్చుంటానండి. పనేమైనా ఉందాండి?”

“నాకేం పనే, కూర్చో” అంది వెంకటరత్నమ్మ. సీతారామలక్ష్మి భర్త లక్ష్మీనరసింహం కూడా పేపరు చాటునుంచి తలూపాడు. ఆమె కాగితాలు తెచ్చుకునేలోపు ఆ గదిలో ఆయన స్నేహితుడు జగన్నాథరావు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. “సీతా, రెండు కాఫీలు!” అని కేకేశాడు భర్త. ఆ పెద్దమనిషి వెళ్లాక మళ్లీ అడిగింది. మళ్లీ సరేనన్నారు. ఈసారి గారెలకి పప్పు రుబ్బాలని అత్తగారికి గుర్తొచ్చింది. ఎవరూ వద్దనరు, అదే ఆమె ఏడుపు. వద్దంటే పోట్లాడవచ్చు. సరేనన్నవాళ్లతో ఏం పోట్లాడుతుంది?

విసురుగా పప్పు కడుగుతుంటే అత్తగారు మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. మంచినీళ్ల కోసం వచ్చిన లక్ష్మీనరసింహం గుమ్మం బయటే ఆగిపోయి, అట్నుంచటే వెనక్కి తిరిగాడు. ఆవిడ ఎవర్నీ అడగలేదు. బట్ట చుట్టుకోవడమే తడవు, వంటిల్లు ఆవిడదైపోయింది.

సీతారామలక్ష్మి చేతులు పప్పులో అలాగే ఉండిపోయాయి. ప్రోగ్రాంని కూడా అచ్చం తనలాగే రాసిపెట్టింది! చిన్న కాటా వచ్చి, బరువు రాసుకునే జాగా ఖాళీయేనా అని చూస్తుంది. ఖాళీయే. ‘నాది’ అని గుర్తు పెట్టేలోపు పెద్ద కాటా ఆ పనిని మధ్యలో ఆపించి ఇంటరప్టుగా దూరి, తనూ చూసి, గుర్తు పెట్టేసి పోతుంది. చిన్నదానికి ఆ సంగతి తెలియక తన అంకెలూ అక్కడే పడేస్తుంది. చూడటం కంప్యూటరుకిచ్చే ఒక ఆజ్ఞ, ఒక ఇన్‌స్ట్రక్షను, పట్టుకోవడం ఇంకోటి. ఆ సందులోనే కొంప మునుగుతోంది. రెండూ ఒకే ఇన్‌స్ట్రక్షనులో అయిపోవాలి. తన గుర్తు పెట్టేస్తూనే అంతకుముందున్న గుర్తేదో చేతిలోకి తీసుకుని చూసుకోవాలి. ఒక్క ఇన్‌స్ట్రక్షను నడుమ ఏ ఇంటరప్టూ దూరలేదు. జాగా ఎవరో ముందే పట్టుకున్నారని తేలితే అక్కడ కాచుకు నిలబడకూడదు, మళ్లీ పంపమని కాటాకి చెప్పి వెళ్లిపోవాలి.

రాయడానికి గంట చాలు. ఆ గంట ఎక్కడుంది? “అత్తయ్యగారూ, ముందుగదిలో...” అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. చేతులు చీర కొంగుకి తుడుచుకుని, కాగితాలు లాక్కుని, గదిలో అడుగు పెడుతూనే గడియ బిగించింది.

క్షణాల మీద తలుపు దబదబలాడింది. “సీతా! ఏంటిది? పప్పెవరు రుబ్బుతారు? ఎవర్నడిగి గడియ వేశావు?” అత్తగారి గొంతు.

భయమేసింది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఏ తలుపూ ఆమె తన కోసం వేసుకోలేదు. అయినా పెన్సిలు ఆపలేదు.

“అడగలేదండి. నేను అడగడానికీ కూర్చోడానికీ మధ్యలోనేనండి, మీరంతా వచ్చేది.”