దారివైపు తిరిగిన తోట

అద్దాలక్కకి ఆ పేరు అద్దంలో చూసుకునే అలవాటు వల్ల రాలేదు. తన ముఖం ఎలా ఉందో ఆమె ఏనాడూ పట్టించుకున్న మనిషి కాదు. పెద్ద బట్టల దుకాణంలో, వీధివైపు ఉండే నిలువెత్తు అద్దాల వెనక బొమ్మలకి బట్టలు తొడిగి నిలబెట్టడం ఆమె ఉద్యోగం. వానాకాలం వస్తే బొమ్మల చుట్టూ కాగితం కప్పల్ని గెంతించేది. చలికాలం వస్తే దూదితో మంచు కురిపించేది. ఆఫీసుకి ఆలస్యమై పరిగెత్తేవాళ్లు కూడా ఒక్క నిమిషం ఆగి చూసి, అప్పుడు పరిగెత్తేవారు. వచ్చేవాళ్లలో సగంమంది నీ అద్దాలు చూసే లోపలికొస్తున్నారని యజమాని అంటుండేవాడు. అనడానికి ఖర్చేముంది? ఒకరోజు ఆ అద్దాల వెనక పెద్ద టీవీ తెరలు పెట్టించి, అక్క చేతికి ఒక పూలగుత్తి ఇచ్చి, ఇంటికి పంపేశాడు. అప్పటికి ఆమె తల ముగ్గుబుట్టయింది.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. బొమ్మకి ముందువైపే లెక్క. ముందునుంచి చూస్తే కోటు ఒంటికి అచ్చు గుద్దినట్టుంటుంది. వెనక్కి వెళ్లి చూస్తే వదులంతా దగ్గరికి లాగి గుండుసూదులు గుచ్చి ఉంటుంది. అట్టతో చేసిన చెట్టుకి వెనక ఊతకర్రా, దాని కాళ్ల దగ్గర రెండు ఇటుకలూ ఉంటాయి. వీధిలోవాడికి కనపడని చోట రంగు వేస్తే రంగు దండగని ఆమెకి పని నేర్పిన మనిషి మొదటిరోజే చెప్పాడు. అంతా అమర్చాక వీధి దాటి ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడి, ఒక కన్ను మూసి చూసుకోవాలి. వంకర కనిపిస్తే మళ్లీ వీధి దాటి లోపలికి రావాలి. అలా వీధి దాటడంలోనే ఆమె వయసంతా గడిచిపోయింది.

పెళ్లి లేదు, పిల్లలు లేరు, ఉన్న ఒక్క తోడూ తమ్ముడు. స్నానాల గదుల సామాను దుకాణం అతనిది. టబ్బులు, సింకులు, కుళాయిలు, టైల్సు. ఒకప్పుడు స్నేహితులు ఎగదోస్తే అడవిలో ఒక చెక్క ఇల్లు కొన్నాడు. మరదలు అక్కడ ఒకే ఒక్క రాత్రి పడుకుంది. పైకప్పు మీద ఏదో పరిగెత్తిందని తెల్లారకముందే సంచులు సర్దేసి, మళ్లీ ఈ కొంప మొహం చూస్తే ఒట్టు అంది. అప్పటినుంచీ ఆ ఇంటికి ఎలకలే యజమానులు.

అక్క తన అద్దెగది ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు తమ్ముడే ఆ మాట ఎత్తాడు.

"ఊరికే పడుందక్కా. వెళ్లి ఉండు. అదంతా నీదే అనుకో."

అక్క అనుకుంది. తోడబుట్టినవాడు అనుకోమంటే అనుకోక ఏం చేస్తుంది?

ఒకటే గది. ఓ మూల పొయ్యి, ఓ మూల మంచం, పొయ్యి పక్కన వెడల్పాటి కిటికీ. బయట ముళ్లపొదలు మూసుకుపోయిన జాగా, దాని అవతల అడవిలోకి వెళ్లే దారి. ఆ దారిన పొద్దున్నా సాయంత్రమూ అడవి గార్డు పోతుంటాడు, సెలవురోజుల్లో సరదాగా నడిచేవాళ్లు పోతుంటారు. మొదటివారం అక్క ఎలకల్ని తరిమింది. రెండోవారం కప్పు మీద రేకు మార్పించింది. ఆ తర్వాత గుమ్మంలో కూర్చుని ముళ్లపొదల వంక చూస్తూ, ఇక నా బతుకు ఇక్కడే, నా చావూ ఇక్కడే అని తేల్చుకుంది. ఇంకోచోటికి మారడానికి ఆమెలో ఓపికా లేదు, ఇంకో చోటూ లేదు.

పొదలు కొట్టేశాక ఆ ఖాళీ జాగా ఆమెని నిద్రపోనివ్వలేదు. తమ్ముడి గోడౌన్‌లో పగుళ్లిచ్చిన సరుకు గుట్టలుగా పడి ఉండేది. దాన్ని వ్యాన్‌లో వేయించి పంపించమంది. పారబోసే కూలి తప్పిందని తమ్ముడు సంబరంగా పంపించాడు. సింకులు బోర్లించి, ఎర్రరంగు వేసి, తెల్లచుక్కలు పెట్టి, మొద్దుల మీద కూర్చోబెడితే పుట్టగొడుగులయ్యాయి. కాలు విరిగిన టబ్బులో మట్టి పోసి నీలిపూల మొక్కలు నాటి, దుకాణం వాళ్లు పారేసిన బోడిగుండు ఆడబొమ్మని అందులో నడుందాకా కూర్చోబెట్టింది. పూలు విచ్చేసరికి ఆవిడ స్నానం చేస్తున్నట్టే ఉంది. గుండు మీద నాచు అతికించి, దానికి దువ్వెన కూడా గుచ్చింది. తీగతో, పైన్ చెట్ల కాయలతో ఒక నక్కని చేసి, కళ్లజోడు పెట్టి, పేపరు చదువుతున్నట్టు మొద్దు మీద కూర్చోబెట్టింది. గోడ లేని చోట ఒక తలుపు నిలబెట్టి దాని మీద 'కాళ్లు తుడుచుకుని రండి' అని రాసింది. కొమ్మలకి గొడుగులు తలకిందులుగా వేలాడదీసి వాటిలోంచి తీగలు కిందికి జార్చింది. కుందేళ్లకి టీ కప్పులిచ్చింది, వాటిలో ఒక కుందేలు అలిగినట్టు పక్కకి తిరిగి కూర్చుంది.

ప్రతిదీ పెట్టాక దారి మీదికి వెళ్లి, అవతలి చెట్లకి వీపు ఆనించి, ఒక కన్ను మూసి చూసేది. నాలుగు అంగుళాలు జరపాలనిపిస్తే వచ్చి జరిపి మళ్లీ వెళ్లేది. గార్డు నవ్వేవాడు, నక్కకి నమస్కారం పెట్టి మరీ వెళ్లేవాడు. సాయంత్రం అక్క టీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటే ఆమెకి కనపడేవి నక్క వీపులోంచి పొడుచుకొచ్చిన తీగలు, తలుపుకి ఆనించిన ఊతకర్రలు, పుట్టగొడుగులకి రంగు వేయని సగాలు, టబ్బులో ఆవిడ వీపున మేకులు. మూడు వసంతాలు ఆమె ఆ వీపుల్నే చూస్తూ టీ తాగింది. అదేమీ వింతగా తోచలేదు. ఆమె జన్మంతా అద్దానికి వెనక వైపునే గడిచింది మరి.

నడిచేవాళ్లు ఆగడం మొదలుపెట్టారు. ఫోటోలు తీసుకున్నారు. తర్వాత ఆ ఫోటోలు చూసినవాళ్లు కార్లేసుకుని వచ్చారు. అక్క గుమ్మంలోంచి వాళ్ల ముఖాలు చూస్తూ, లోలోపల పొంగిపోతూ, పైకి మాత్రం తెలియనట్టు బియ్యం ఏరుకునేది. ఒక పెద్దావిడ కుందేలు అలక చూసి పడీపడీ నవ్వినప్పుడు అక్కకి ఆ పూట అన్నం తినకపోయినా పరవాలేదనిపించింది.

ఆ ఫోటోలు తిరిగి తిరిగి తమ్ముడి దాకా వెళ్లాయి. ఒక ఆదివారం అతను మరదల్ని వెంటేసుకుని వచ్చాడు. దారి మీద కారు ఆపి, దిగి, నోరు వెళ్లబెట్టాడు. మళ్లీ మొహం చూస్తే ఒట్టన్న మరదలు గోడ లేని తలుపు పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. అక్క వాళ్లని చేయిపట్టుకుని తిప్పి చూపించింది. తన సింకులు పుట్టగొడుగులయ్యాయని తమ్ముడు పగలబడి నవ్వాడు. చిన్నప్పుడు కూడా అక్క అగ్గిపెట్టెలతో రైలు చేసేదని మరదలికి చెప్పాడు. అక్క కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకి తనవాళ్లు తన పని చూశారు, ఇంక కావలసిందేముంది అనుకుంది.

లోపలికొచ్చి కూర్చున్నాక తమ్ముడు అసలు మాట చెప్పాడు. వారానికో కుటుంబం చొప్పున విడిదికి ఇస్తాడట. ఇప్పటికే నలుగురు అడిగారట. మంచం మార్చాలి, స్నానాల గది కట్టాలి, దానికి సరుకు తన దగ్గరే ఉంది. మరదలు కర్టెన్ల రంగు కూడా ఎంచేసింది. అక్క ముందు వింటూ తలూపింది. వాళ్లు చెబుతున్నది ఈ ఇంటి గురించేనని ఆమెకి కాస్త ఆలస్యంగా ఎక్కింది.

"మరి నేనో?" అంది.

"నీకేం అక్కా, గోడౌన్ పైన గది ఉంది కదా. సున్నం వేయిస్తాను. ఒక్కదానివీ ఈ అడవిలో ఎన్నాళ్లుంటావు? నాకూ బెంగగానే ఉంటుంది."

అన్నేళ్లూ రాని బెంగ ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. అక్కకి ఒళ్లు మండింది. నీదే అనుకో అన్నావు కదరా అంది. ఇప్పుడు మాత్రం నీది కాదన్నానా అన్నాడు తమ్ముడు. ముళ్లకంపలున్నప్పుడు ఎవడికీ అక్కర్లేకపోయింది, నా చేతులు చీరుకుపోయాక అందరికీ కావాల్సొచ్చింది అంది. ఆ మాటకి తమ్ముడు కూడా కాస్త తగ్గాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూశాడు. తర్వాత మెల్లిగా, నిజంగానే ఆశ్చర్యపోతూ అన్నాడు.

"ఇక్కణ్ణుంచి చూస్తే ఏమీ లేదేంటక్కా? అన్నీ వీపులేగా. నీ కోసమే అయితే ఇటు తిప్పుకునేదానివి. జనం చూడాలనే కదా నువ్వు చేసింది? నేనూ జనానికే చూపిస్తానంటున్నాను."

అక్క లేచి ఖాళీ టీ కప్పులు ఏరింది. ఇంటికి వెళ్లే తొందరలో మరదలు కప్పులు కడిగి పెట్టింది. వచ్చే వారం వ్యాన్ తెస్తానని చెప్పి తమ్ముడు కారెక్కాడు.

అన్నీ వీపులేగా అన్న తమ్ముడి మాట ఆమె మెదడుని తొలిచేసింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది, అన్యాయమైతే అన్యాయమనేది. అది నిజం కావడమే ఆమె ఓర్చుకోలేకపోయింది. ఇన్నేళ్లలో ఒక్క పుట్టగొడుగునైనా, ఒక్క కుందేలునైనా తన వైపు పెట్టుకోవాలన్న ఊహే రాలేదే అని తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వీధిలోవాడెవడో, పేరు తెలియనివాడు, క్షణంసేపు ఆగిపోయేవాడు, వాడి కోసం చేసింది. రోజూ ఇక్కడే కూర్చుని టీ తాగే మనిషి కోసం ఏమీ చేయలేదు.

మర్నాడు గునపం తీసుకుని తోటలోకి దిగింది. ఒక్కొక్కటే పెకలించి ఇంటివైపు తిప్పింది. చెప్పినంత తేలిక కాదది. నక్క కాళ్లు మొద్దులోకి దిగి తుప్పుపట్టి ఉన్నాయి, కోసి మళ్లీ కట్టాల్సొచ్చింది. తలుపుని తిప్పితే గాలికి పడింది. టబ్బు దగ్గర గార్డు చేయి వేశాడు, ఇద్దరూ కలిసి మట్టితో సహా ఈడ్చేసరికి ఇద్దరి తలప్రాణం తోకకొచ్చింది. ఎందుకమ్మా ఈ తిప్పలు, దారినపోయే మాకు ఏం మిగులుతుంది అని గార్డు అడిగాడు. మీరు ఇన్నాళ్లూ చూశారుగా, ఈ వారం నేను చూసుకుంటాను అంది అక్క. అతను నవ్వలేదు.

అన్నీ తిప్పాక లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, కిటికీ ముందు కూర్చుంది. నక్క పేపరు మీదుగా ఆమెనే చూస్తోంది. టబ్బులో ఆవిడ నాచు జుట్టుతో, నీలిపూల మధ్య, స్నానం మధ్యలో ఎవరో పిలిస్తే తలెత్తినట్టు చూస్తోంది. అలిగిన కుందేలు అలక ఇప్పుడు ఆమె మీదే. అక్క నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఇంత బాగా చేశానా అనుకుంది. ఇంకెవరి పనో చూసి మెచ్చుకున్నట్టు మెచ్చుకుంది. ఆ వారమంతా వంట కూడా సరిగ్గా చేసుకోలేదు, పొద్దస్తమానం కిటికీ దగ్గరే కూర్చుంది. ఈ తోట ఇప్పుడు నాది, దీన్ని చూసి ఎవడూ మోజుపడడు, తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు అని ఒక మొండి ధైర్యం కూడా పుట్టింది. తమ్ముడు వచ్చి దారి మీద నిలబడి, తీగలూ మేకులూ ఊతకర్రలూ చూసి, విసుక్కుని వెనక్కి పోతాడని ఆశపడింది.

వ్యాన్ వచ్చింది. తమ్ముడు దిగి, దారి మీద నిలబడి చూశాడు. అక్క అనుకున్నట్టే ముఖం మాడ్చుకున్నాడు. ఏం చేశావక్కా అని గొణుక్కుంటూ లోపలికొచ్చాడు. మరదలు వెనకే వచ్చి తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లింది. "ఏవండీ, ఇలా రండి" అంది. తమ్ముడు వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. అక్క వాళ్ల వీపుల వంక చూస్తూ నిలబడింది.

"అబ్బ" అన్నాడు తమ్ముడు. "నేనేదో నోటికొచ్చింది అంటే నువ్వెంత దూరం ఆలోచించావక్కా. లోపల ఉండేవాళ్లే కదా మనకి ముఖ్యం. దారినపోయేవాడు ఊరికే చూసిపోతాడు."

"అది నా కోసం తిప్పుకున్నాను" అంది అక్క.

"అదే నేనూ అంటున్నాను. ఇంట్లో ఉండే మనిషి కళ్లతో చూశావు. బయటివాళ్లకి ఆ ఆలోచన వస్తుందా?"

ఆ మాట అతను ప్రేమగానే అన్నాడు. భుజం మీద చేయి కూడా వేశాడు. అక్కకి ఆ చేతిని విదిలించుకోవాలనిపించింది. కానీ విదిలించుకోలేదు. ఏం చేసినా బాగానే కుదిరిపోయే తన చేతుల మీద ఆమెకి మొదటిసారి అసహ్యం పుట్టింది. తన బట్టల సంచి తీసుకుని బయటికి వచ్చి వ్యాన్‌లో పెట్టింది. డ్రైవరు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే లేవంది.

లోపలినుంచి మరదలు కిటికీ తలుపు తీసింది.

"వదినా, ఆ నక్క కాస్త పక్కకి ఒరిగినట్టు లేదూ?"

ఒరిగింది. పొద్దున్నే చూసింది అక్క, ఇంక నాకెందుకు అని వదిలేసింది. ఇప్పుడూ వదిలేద్దామనే వ్యాన్ మెట్టు మీద కాలు పెట్టింది. కానీ వంకరగా ఉందని ఒకరు అన్నాక ఆమె కాలు ఎక్కలేదు. దిగి, తోటలోకి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని నక్క కాలు దగ్గర తీగ బిగించింది.

"ఇప్పుడు?" అని అడిగింది.

"ఇంకొంచెం ఇటు" అంది మరదలు కిటికీలోంచి. "ఇంకొంచెం. ఆ, చాలు."