సున్నా అని రాయమన్నారు

కొత్తకోట దగ్గరి నూలు మిల్లు ఒక షిఫ్టు మొత్తాన్నీ ఎత్తేసిందన్న సంగతి స్వర్ణలతకు ఏ కాగితం వల్లా తెలియలేదు. ఆ మిల్లులో పదకొండేళ్లు పనిచేసిన నర్సింగమ్మ బస్సెక్కి వచ్చి ఆమె బల్ల ముందు నిలబడితే తెలిసింది.

జిల్లా కేంద్రంలోని ఆ సర్కారు ఆఫీసులో స్వర్ణలతది ఒకటే పని. ఏ మండలంలో, ఏ పరిశ్రమలో ఎంతమందిని పనిలోంచి తీసేశారో నెలనెలా పట్టిక కట్టి హైదరాబాదుకు పంపాలి. తెలంగాణ వచ్చి ఏడాది దాటింది. నాలుగు నెలలుగా అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. మొదట జిన్నింగు మిల్లులు, తర్వాత ఇనుప ఫ్యాక్టరీలు, ఇప్పుడు ఇది.

"నూటా ఎనభై మందిమి మేడం. బోనస్ కోసమని తెల్లకాయితం మీద సంతకాలు పెట్టిచ్చుకున్రు. తెల్లారి పోతే గేటు తియ్యలే" అంది నర్సింగమ్మ.

స్వర్ణలత ఆ అంకె వేసి పట్టికను ఆఫీసరు రాంచందర్ ముందు పెట్టింది. ఆయన ఆ అంకె కొట్టేసి సున్నా చుట్టాడు.

"వాళ్లంత ఇష్టపడి రాజీనామా చేసిన్రని మిల్లోళ్లు రాసిచ్చిన్రు."

"నూటా ఎనభై మంది ఒక్కరోజే ఇష్టపడి మానుకుంటరా సార్?"

"గది అడుగుడు నీ డ్యూటీ కాదమ్మా. జిల్లాల నౌకరీలు పెరిగినయని మొన్ననే మీటింగుల చెప్పొచ్చిన. గిప్పుడు గీ అంకె పంపి నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

స్వర్ణలత తండ్రి మగ్గం ఆగిపోయినప్పుడు ఆయన్ని కూడా ఎవరూ ఏ పట్టికలోనూ ఎక్కించలేదు. ఆమె సరాసరి నర్సింగమ్మ కూర్చున్న వరండాలోకి నడిచింది.

"అక్కా, మీరే మానుకున్నరంటున్రు."

"మానుకున్ననా? ఇంట్ల పొయ్యి ఆర్పుకొని ఎవతి మానుకుంటది?" నర్సింగమ్మ గొంతు ఆఫీసంతా వినబడింది.

"సోమవారం అందర్ని తోలుకరా. పనిలకెల్లి తీసేసిన్రని ఎవరి దరఖాస్తు వాళ్లే ఇయ్యాలె. రసీదు మీద ముద్ర పడకుండ కదలొద్దు."

సోమవారం నూటా పదమూడు మంది వచ్చారు. ఫిర్యాదు చేస్తే ఇంకెక్కడా పని దొరకదని మిల్లువాళ్లు బెదిరించడంతో తక్కినవాళ్లు ఆగిపోయారు. వరుస గేటు దాటింది. రాంచందర్ బయటికొచ్చి అరిచాడు. ఒక్కరూ కదల్లేదు. మణికట్టు లాగేస్తున్నా స్వర్ణలత ముద్రలు వేస్తూనే ఉంది. చివరి రసీదు ఇచ్చేసి పట్టిక పట్టుకుని లోపలికెళ్లింది.

"తయారుచేసినోళ్ల జాగాల నా సంతకం ఉంటది సార్. సున్నా మీద నేను పెట్టను."

ముద్రపడ్డ దరఖాస్తులు అన్ని ఉండగా సున్నా నిలవదని రాంచందర్‌కు తెలుసు. చివరికి కలం తీసి 'వివాదంలో ఉన్నవారు: 113' అని తానే రాశాడు. పట్టిక అట్లాగే హైదరాబాదుకు పోయింది. వారం తిరక్కుండానే స్వర్ణలతను ఉత్తరాలు తీసుకునే బల్ల దగ్గరికి మార్చారు.

మిల్లుకు నోటీసు వెళ్లింది; ఆ ఆఫీసులోనే విచారణ మొదలైంది. మూడో వాయిదాకల్లా ఆ నూటా పదమూడు మందిలో నలభై మందిని మళ్లీ పనిలోకి పిలిచారు, అదీ కాంట్రాక్టరు కింద. నర్సింగమ్మను పిలవలేదు.

"నన్నెందుకు పిలుస్తరు? నోరున్నదాన్ని" అంది ఆమె, తర్వాతి వాయిదా రోజు స్వర్ణలత కొత్త బల్ల ముందు కొంగు బిగిస్తూ. "ఇంక డెబ్బై మూడు మందిమి ఉన్నం. మా పేర్లు పిలిచేదాక వస్తనే ఉంటం."

స్వర్ణలత లేచి విచారణ గది తలుపు ఆమె కోసం బార్లా తెరిచింది.