కాలు కింద పెట్టని తిమ్మక్క

టీకా కాగితం మాత్రం పెట్టెలో పెట్టకూడదు, రవికలోనే దాచుకోవాలి, ఓడ పినాంగు చేరగానే ముందు అడిగేది దాన్నే, అది లేకపోతే అంటురోగాల దీవిలో పదిరోజులు కూర్చోబెడతారు, ఇంకా ఏం చెప్పాలి ఈ పిల్లకు, ఓడలో మొదటి మూడురోజులూ వాంతులవుతాయని చెప్పాను, నిమ్మకాయ ఊరగాయ చేతికందేలా పెట్టుకోమన్నాను, డెక్కు మీద పరుచుకోవడానికి చాప చెప్పాను, చింతపండు చెప్పాను, చింతామణి బస్టాండులో ఇంత గోలలో కూడా నాకు ఒక్కటీ మరపు రాలేదు, రాదు, ఈ తాలూకాలో మలయా సంగతి అడగాలంటే తిమ్మక్క తర్వాతే ఎవరైనా, ముప్పయ్యేళ్లు అక్కడ కాపురం చేసినదాన్ని, ఆయన రిటైరై మేము తిరిగొచ్చి రెండేళ్లు, ఈలోపే ముగ్గురు ఆడవాళ్లు నా చేత అన్నీ చెప్పించుకుని ఓడ ఎక్కారు, ఈ సుజాతమ్మ నాలుగోది, చాకవేలు నరసింహప్ప కూతురు, మొగుడు అక్కడ రబ్బరు తోటలో గుమాస్తా, మా ఆయన చేసిన ఉద్యోగమే, పిల్ల నా ముఖంలోకే చూస్తూ వింటోంది, అట్లా వింటుంటే చెప్పేవాళ్లకు ఎంత బాగుంటుంది.

రాగిపిండి ఎత్తుకుపోవాల్నా అత్తా అని అడిగింది, నాకు నవ్వొచ్చింది, రాగులు దొరకని దేశం ఒకటుంటుందని మా కెంచార్లహళ్ళిలో ఎవరికి తెలుసు, కొత్త కోడల్ని, విసుర్రాయి రెండు పలకలూ గోనెసంచిలో కట్టించి మద్రాసు దాకా రైల్లో, అక్కణ్ణించి ఓడలో మోయించాను, రేవులో ఒక దొర గోనె విప్పించి ఈ రాళ్లతో ఏం చేస్తావని అడిగించాడు, ఏం చేస్తాను, ఏడాదిపాటు దాని మీద కూర్చుని బియ్యం ఏరుకున్నాను, పిండి ఎత్తుకుపోమ్మా, రాయి మాత్రం వద్దు అన్నాను, పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నరసింహప్ప కూడా నవ్వి, ఇట్లా చెప్పేవాళ్లు యాడ దొరకతారక్కా, నీ మాట ఇనే ఆ మిషను గూడా నిలిపేస్తిని, అన్నాడు.

మిషను, అవును, అది మా ఇంట్లోనే ఉంది, నిన్న ఊరినుంచి మోసుకొచ్చారు, చేత్తో తిప్పే కుట్టుమిషను, దీన్ని ఎత్తుకుపోతానని పిల్ల ఏడుస్తాండాది, నువ్వేమంటావక్కా అని నరసింహప్ప అడిగితే నేనే చెప్పాను, ఎందుకప్పా, గుమాస్తా పెండ్లాము మిషను తిప్పితే మర్యాదా, నాకు ముగ్గురు పనోళ్లు, ముప్పయ్యేండ్లు నన్ను కాలు కింద పెట్టనీలేదు, అన్నాను, ఎంత సులువుగా వచ్చేసింది ఆ మాట, రెండేళ్లుగా చెప్పీచెప్పీ నాలుక మీదే ఉంది, మిషను మా ఇంట్లో నిలిచిపోయింది, పిల్ల మిషను మూతను ఒకసారి తడిమి చేయి తీసేసుకుంది.

డ్రైవరు మునియప్ప బస్సు పైకెక్కి మూటలు కట్టిస్తున్నాడు, ఇంకో అర్ధగంటకు బయలుదేరుతుందట, రైతు ఇంటి ఆడబిడ్డక్కా, ఒకరి కింద పనిచేసే గతి పట్టకుండా నీ మాదిరి బతికితే సాలు అంటున్నాడు నరసింహప్ప, అతను అటు తిరగ్గానే సుజాతమ్మ నా పక్కకు జరిగి మెల్లిగా అడిగింది, అత్తా, ఆడ ఆయనకు జరమొచ్చి పడుకుంటే నేనేం చేయాల, నా వాళ్లెవరూ ఉండరు గదా.

ఈ ప్రశ్న ఇంతకుముందు పోయినవాళ్లెవరూ అడగలేదు, టీకా కాగితం చెప్పినంత సులువుగా దీనికి జవాబు చెప్పలేను, చెప్పాలంటే జపానువాళ్లు వచ్చిన సంగతి చెప్పాలి, మా ఆయన్ను సయాంలో రైలుదారి వేయడానికి లారీలో ఎక్కించుకుపోయిన పొద్దు చెప్పాలి, ఇద్దరు పిల్లలు, ఇంట్లో గింజ లేదు, పనివాళ్లు ఎవరున్నారు, ఎప్పుడున్నారు, తమిళావిడ ఒకామె నా చేతికి పార ఇచ్చి రమ్మంది, ఇంకొకరి చేలో కర్రపెండలం తవ్వాను, కూలి కూడా ఆ దుంపలే, ఆయన తిరిగొచ్చేసరికి కాలు పుండై ఉంది, లేవలేకపోయారు, అప్పుడు, ఆయన కోలుకుని మళ్లీ ఉద్యోగానికి పోయేదాకా, రబ్బరుచెట్లకు పోయాను, తెల్లవారకముందే కత్తి పట్టుకుని మూడువందల చెట్లు, చెట్టుచెట్టుకూ గాటు పెట్టి చిప్ప తగిలించాలి, జుట్టంతా రబ్బరుపాలు అంటుకుని గట్టిపడేది, నీ చేతి కింద చెట్టుకు దెబ్బ తగలదు తిమ్మక్కా అన్నాడు మేస్త్రీ, తోటలో ఎవరితోనూ అనని మాట నాతో అన్నాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె పొంగుతుంది, కానీ తిరుగు ఓడలో మా ఆయన, ఊర్లో ఈ కూలి మాట ఎత్తొద్దు, మనోళ్లు నవ్వతారు అన్నారు, నేనూ సరేనన్నాను.

సరేనని ఇప్పుడు ఈ పిల్లను ఉత్త చేతులతో ఓడ ఎక్కిస్తున్నాను.

మునియప్పా, నేనొచ్చేదాకా బస్సు తీయొద్దప్పా అని లేచాను, రెండు వీధులు, ఇల్లు చేరేసరికి రొప్పు వచ్చింది, ఆయన అరుగు మీద కన్నడ పేపరు చదువుతున్నారు, మిషను బయటికి లాగుతుంటే ఏమన్నారు, యాడికి అన్నారు, ఆ పిల్లకిచ్చేస్తాను, కూలికి పోయింది గూడా చెప్పేస్తాను, నువ్వు కోపం చేసుకున్నా సరే అన్నాను, ఆయన పేపరు మడిచి, కుంటుకుంటూ లేచి భుజం మీది తువ్వాలు చుట్టకుదురు చేసి నా తల మీద పెట్టి మిషను తనే ఎత్తారు, భద్రం, చెప్పాల్సింది చెప్పేసి రా, అన్నారు.

నెత్తిన బరువుతో చింతామణి బజారులో నడుస్తున్నాను, కూరగాయల దుకాణాల వాళ్లు చూస్తున్నారు, పట్టు వ్యాపారి లక్ష్మణప్ప లెక్క ఆపి చూస్తున్నాడు, చూడండి, యాభైయేళ్లకు మెడ వణకడం లేదు, ఈ మెడ ఎట్లా గట్టిపడిందో మీకేం తెలుసు, బస్సు ఇంజను మోగుతోంది, ఏందక్కా ఇది, నువ్వు మోసేదేందని నరసింహప్ప ఎదురొచ్చాడు, మిషను దించి అందరికీ వినబడేట్టే చెప్పాను, నేను కూలికి పోయినాను నరసింహప్పా, నాలుగేండ్లు, ఆయన పడుకోనుంటే నా చేతులే కూడు పెట్టినాయి, పనోళ్లు లేరు, అదంతా అబద్ధం, ఇది ఎత్తుకుపోనీ, నరసింహప్ప తల దించుకుని మిషనును తనే బస్సులోకి ఎక్కించాడు, సుజాతమ్మ కిటికీలోంచి నా రెండు చేతులూ పట్టుకుని వేళ్ల మీది కాయలు తడిమి చూసింది, ఇన్ని చెప్పితివి గదత్తా, ముందే ఇదొక్కటి చెప్పుంటే నాకింత భయం ఉండేది కాదు, అంది.

బస్సు కోలారు దారిలో మలుపు తిరిగింది, బజారంతా నన్నే చూస్తోంది, నవ్వుతున్నారేమో, నవ్వనీ, నాకు సిగ్గు అనిపించడం లేదు, ముగ్గురు పనివాళ్లున్న ఆ దొరసాని ఎవరో, ఆమెను నేనెప్పుడూ చూడలేదు, రెండేళ్లుగా ఆమెనే ఈ ఊళ్లో తిప్పుతున్నాను, నలుగురి కడుపు నింపిన తిమ్మక్కను మాత్రం ఓడలోనే వదిలేసి వచ్చాను, ఆమె ఊరు చేరింది ఈరోజే.